మైక్రోవేవ్‌కు పట్టించిన కల్లు

మా చర్చి స్త్రీల సమాజం వారు నన్ను తాగుబోతుగా తమ ప్రార్థన పుస్తకంలో ఎక్కించారు. నేను తాగను. డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి, ఇంతవరకూ చుక్క నోట్లో పడలేదు. తాగింది మా ఇంటి మైక్రోవేవ్. పట్టించింది నేను. నా నేరం అంతవరకే.

ఆ పుస్తకంలో పేర్లు రాయరు. మర్యాదట. ప్రతి బుధవారం కూటంలో మాత్రం "కాలవ గట్టు మీద నీలం గేటు ఇంట్లో వ్యసనంతో పోరాడుతున్న ఒక పెద్దాయన కోసం" అని పైకి చదువుతారు. మా గట్టు మీద నీలం గేటు ఒక్కటే ఉంది. రంగు మార్పిద్దామా అని కూడా ఆలోచించాను. మారిస్తే ఒప్పుకున్నట్టే అవుతుందని మానుకున్నాను.

జరిగింది చెబుతాను. ఈస్టరుకు ముందు వచ్చే నలభై శ్రమదినాల్లో స్త్రీల సమాజం వారు వారానికొక ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకుంటారు. ఒక బుధవారం మా ఇంటి వంతు వచ్చింది. వచ్చినవాళ్ళకి సమోసాలు వేడిచేసి పెట్టాలి. నాలుగు రోజుల ముందు మైక్రోవేవ్ తలుపు తీసి చూస్తే లోపల పైకప్పు నిండా రొయ్యల ఇగురు. మూత పెట్టకుండా వేడిచేస్తే పేలి, ఎండి, పెచ్చు కట్టింది. మూత పెట్టనిది ఎవరన్న దాని మీద మా ఆవిడకీ నాకూ ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. శుభ్రం చేసే పని మాత్రం నా మీద పడింది. సబ్బు వాసన సమోసాలకి పట్టకూడదు, స్ప్రే మందులేవీ కొట్టకూడదు, ఇంట్లో ఉండే వస్తువులతోనే చెయ్యాలని షరతు.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తరవాత చదువంతా పకోడీ పొట్లాల మీదా, ఎరువుల బస్తాల మీదా, పురుగుమందు డబ్బాల మీదా సంపాదించుకున్నాను. అందుకే ఏ వస్తువునైనా వెనక్కి తిప్పి చదవందే నమ్మను. ఫోనులో వెతికితే, గిన్నెలో సగం నీళ్ళు, సగం వెనిగర్ పోసి ఐదు నిమిషాలు పెట్టండి, ఆవిరికి జిడ్డంతా మెత్తబడుతుంది, ఇది పూర్తిగా ప్రకృతి సిద్ధం అని రాశారు. కొట్టుకెళ్ళి వెనిగర్ సీసా తిప్పి చూశాను. 'సింథటిక్' అని ఉంది. ప్రకృతి ఎక్కడుందయ్యా ఇందులో అని కొట్టాయన్ని అడిగాను. అదంతా తనకి తెలియదనీ, తీసుకుంటే తీసుకోమనీ, లేకపోతే పక్కకి జరగమనీ చెప్పాడు.

అప్పుడు గుర్తొచ్చింది. కల్లు నిలవుంటే పులిసి వెనిగర్ అవుతుందని ఎప్పుడో ఒక పొట్లం కాగితం మీద చదివాను. కాగితం అక్కడికి చిరిగిపోయింది. ఎన్నాళ్ళు నిలవుండాలో రాసిన ముక్క పకోడీలతో పాటే పోయినట్టుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పక తప్పదు. మా నాన్న కల్లు మనిషి. సాయంత్రమైతే మా అమ్మ నన్ను కల్లుపాకకి పంపేది, ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించుకు రమ్మని. దారిలో ఎవరైనా ఎదురైతే నేను తల దించుకునేవాణ్ణి, ఆయన దించుకునేవాడు కాదు. బడి మానడానికి అదే కారణం అనను గానీ, తాగకూడదని అనుకోవడానికి అదే కారణం. తాటిచెట్టు మొదట్లో నిలబడి సీసా చాపడం నా జన్మలో అదే మొదటిసారి.

కల్లుగీసే ఆయన చెట్టు మీద నుంచి నన్ను చూసి సగంలో ఆగిపోయాడు.

"మీరాండి?" అన్నాడు.

"మైక్రోవేవ్ తోమడానికి," అన్నాను.

"అలాగేనండి," అన్నాడు చాలా మర్యాదగా. ఆ చెట్టు కింద నిలబడి ఎంతమంది ఎన్ని కారణాలు చెప్పి ఉంటారో, ఆ మర్యాదలోనే తెలిసింది.

సీసాను మోటారు గదిలో మూత వదులు చేసి మూడు రోజులుంచాను. కనీసం మూడు వారాలు ఉంచాలట. తరవాత చదివాను.

కూటం నాలుగింటికి. మూడింటికి గాజు గిన్నెలో సగం కల్లు, సగం నీళ్ళు పోసి మీట నొక్కాను. రెండో నిమిషానికే నురగ పొంగి పళ్ళెం మీదికి దిగింది. మూడో నిమిషానికి వెనక చిల్లుల్లోంచి ఆవిరి బయల్దేరింది. వంటగది, హాలు, వీధరుగు, అన్నీ కలిపి ఒకే కల్లుపాక. కంగారుపడి ఆపి తలుపు తీస్తే ఆ ఆవిరంతా మొహాన కొట్టింది. కళ్ళు ఎర్రబడ్డాయి. గిన్నె తీయబోతే సగం బనీను మీద ఒలికింది. ఒలికిందెలాగూ ఒలికిందని తల లోపలికి పెట్టి తుడవడం మొదలుపెట్టాను.

మా వైపు ఏ కూటానికీ ఎవరూ అరగంట ఆలస్యం కాకుండా రారు. ఆవేళ అరగంట ముందే వచ్చారు, చాపలు పరవడానికి. ముందు నడుస్తున్నది సమాజం అధ్యక్షురాలు, పాస్టరుగారి భార్య. మా చిన్నమ్మాయి కన్నా చిన్నది, అయినా అందరం అమ్మగారనే అంటాం. ఆవిడ వంటగది గుమ్మంలో ఆగి, "బాబాయిగారూ, ఒంట్లో బాగానే ఉందాండి?" అని అడిగింది.

నేను తల బయటికి తీసి, మైక్రోవేవ్ మీద చెయ్యి వేసి, "నేను తాగలేదమ్మగారూ, ఇది తాగింది," అన్నాను.

తాగారా అని నన్నెవరూ అడగలేదు. ఆ సంగతి మాట బయటికి వచ్చాక స్ఫురించింది.

హాల్లో కీర్తన మామూలు కన్నా గట్టిగా ఎత్తుకున్నారు. నేను పని ఆపలేదు. కడియం నర్సరీ నుంచి తెచ్చి నాటిన నిమ్మచెట్టు పెరట్లో విరగకాసి ఉంది. రెండు కాయలు కోసి, నాలుగేసి ముక్కలు చేసి, నీళ్ళ గిన్నెలో పిండి, తొక్కలు కూడా అందులోనే వేసి, ఐదు నిమిషాలు పెట్టాను. ఆగాక వెంటనే తలుపు తీయకుండా ఇంకో ఐదు నిమిషాలు ఆవిరిని లోపలే ఉంచాను. తరవాత పాత పంచె గుడ్డతో తుడిస్తే ఆ పెచ్చంతా పాల మీద మీగడలా కదిలి వచ్చేసింది. మాడిన మచ్చలకి వంటసోడా తడిపి రాసి, కాసేపాగి తుడిచాను. నిజం ఒప్పుకోవాలి, కల్లు చెయ్యలేని పని నిమ్మకాయ చేసింది. సమోసాలు అందులోనే వేడిచేశారు. ఒక్కొక్కరూ రెండేసి తిన్నారు. వాసన వస్తోందని ఒక్కరూ అనలేదు. ఆ వాసన నా దగ్గర్నుంచే అని అందరూ నమ్మారు కాబట్టి.

మరుసటి బుధవారం నుంచి నీలం గేటు మొదలైంది. మా ఆవిడకి నిజం తెలుసు. సీసాలో మిగిలిన కల్లు అరటిచెట్టు మొదట్లో పారబోసింది ఆవిడే. సాక్షిగా నిలబడి ఒక్క మాట చెప్పమన్నాను.

"తాగారని నేనెక్కడా అన్లేదు కదండీ," అంది.

"తాగలేదని అన్నావా మరి?"

"వాళ్ళు అడగలేదండి. అయినా నలుగురూ మీ కోసం ప్రార్థన చేస్తుంటే మీకొచ్చిన నష్టమేంటి?"

ఆవిడకి నష్టం లేదు, లాభమే. కూటంలో ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు. ఇంటికొచ్చి మరీ పలకరించి, పూతరేకులు, పనసతొనలు ఇచ్చి వెళుతున్నారు. నలభై ఎనిమిదేళ్ళ కాపురంలో నా వల్ల తనకి దొరికిన గౌరవం ఇదేనంటుంది. పూతరేకులు నేనూ తిన్నాను. కోపం వేరు, పూతరేకులు వేరు.

అమ్మగారికి ఉత్తరం రాశాను. మొదటిది నాలుగు పేజీలు. కల్లు వెనిగర్‌గా మారే విధానమంతా అందులో వివరించాను. జవాబు లేదు. రెండోదాంట్లో మా నాన్న సంగతి రాశాను. అది ఎవరికీ రాయని సంగతి, రాసేటప్పుడు చెయ్యి కొంచెం వణికింది. వణికిన అక్షరాలు చూసి వాళ్ళు ఏమనుకుంటారో అని మళ్ళీ మొత్తం తిరగరాసి పంపాను. మూడోదానికి అద్దంలా మెరిసిపోతున్న మైక్రోవేవ్ ఫోటో జతచేశాను. నాలుగోది ఒకటే వాక్యం: 'నేను తాగను, తాగలేదు, తాగబోను, పుస్తకంలోంచి నా ప్రార్థన అంశం తీసివేయండి.'

శ్రమదినాల చివరి వారంలో మా ఆవిడ చేతికి కవరిచ్చి పంపారు. సమాజం ముద్ర వేసిన కాగితం, గుండ్రటి అక్షరాలు. ఉన్నదున్నట్టు ఎత్తిరాస్తున్నాను:

"గౌరవనీయులైన బాబాయిగారికి ప్రభువు నామమున వందనములు. మీ నాలుగు ఉత్తరములు అందినవి. రెండవది చదివి నేను ఏడ్చితిని. ప్రార్థన పుస్తకములో ఒకసారి ఎక్కిన అంశమును కొట్టివేయు అలవాటు మన సమాజములో లేదండి. ప్రార్థన నెరవేరినప్పుడు మాత్రమే దానిని తీసి స్తుతి పేజీలో వ్రాయుదుము. మీరు తాగుట లేదని నాలుగుసార్లు లిఖితపూర్వకముగా తెలియజేసినందున, ప్రార్థన నెరవేరినదని అందరమూ సంతోషించి మీ అంశమును స్తుతి పేజీలోనికి మార్చితిమి. వచ్చే ఆదివారము ఆరాధనలో మీరు సాక్ష్యము చెప్పవలెను. ఐదు నిమిషములు మించరాదు. మైక్రోవేవ్ సంగతి అక్కడ వద్దండి. అది బుధవారము మా కూటములో చెప్పండి, మా ఇంటిది కూడా శుభ్రము చేయవలసియున్నది. నిమ్మకాయలు మేమే తెచ్చుకొందుము. మీరు ఏమియు తేవద్దు."