గడియారం సెల్లులతో అమ్మ ఫోటో

పాలకొల్లు బజారులో కెమెరా సెల్లుల మీద ముప్పై రూపాయలు తగ్గించిన ఘనుడు, నాకు తెలిసి, నేనొక్కణ్ణే. డజను పెన్సిల్ సెల్లులు నూట ఇరవై అంటే తొంభైకి తెచ్చాను. కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. పొద్దుటి బోణీ బేరాన్ని ఏ వ్యాపారీ పోనివ్వడని తెలిసే, శనివారం షట్టర్ ఎత్తేసరికి నా పాత కెమెరా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"అవి గోడ గడియారాలకండి. మీ కెమెరాని లాగలేవు," అన్నాడు కొట్టు యజమాని. "ఛార్జింగువి తీసుకోండి. ఛార్జరుతో కలిపి పదకొండొందలు."

"కొత్త కెమెరా కొనమంటారేమో అనుకున్నానండి. ఛార్జరుతో వదిలేశారు."

"కొత్తదెందుకండీ? ఇది లక్షణంగా ఉంది. దీనికి కావాల్సింది తిండి."

నేను నమ్మలేదు. ఖరీదైన సరుకు గురించి మా నాన్న కూడా మా కొట్లో ఇంత ప్రేమగానే చెప్పేవాడు.

తొందరంతా అమ్మ పందెం గురించి. అరవై దాటాక అమ్మ మా కాలవ గట్టు మీద సైకిలు నేర్చుకుంది. తునిలో ఉండే పిన్ని నమ్మలేదు. "ఆదివారం రాత్రి లోపు ఫోటో పంపు, ఉప్పాడ చీర పెడతా," అంది. పక్కన మనిషి కనిపిస్తే అమ్మ తడబడి పడిపోతుంది కాబట్టి అవతలి గట్టు నుంచే తీయాలి. ఫోన్లో తీస్తే చీమంత కనిపిస్తుంది. నా పాత కెమెరాకి మంచి జూమ్ ఉంది.

ఆదివారం పొద్దున్నే అమ్మ కొంగు బిగించి బయలుదేరింది. కెమెరా ఆన్ చేస్తే లెన్సు సగం దాకా వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

"తీశావా?" కాలవ అవతల నుంచి కేక.

"ఇంకోసారి రామ్మా."

నాలుగు సెల్లులు మార్చాను. అదే తంతు. డజనూ అయిపోయేలోపు అమ్మ తొమ్మిది చుట్లు తొక్కింది. మొదట హ్యాండిల్‌ని పాము మెడ పట్టుకున్నట్టు పట్టుకున్న మనిషి, తొమ్మిదో చుట్టుకి ఒక చెయ్యి వదిలి మరీ నన్ను తిట్టింది. "నీ బేరం తగలెయ్య, మోకాళ్లు అరిగిపోయాయిరా."

బండి మీద మళ్లీ పాలకొల్లు పరుగెత్తాను.

"వెయ్యికిచ్చేయండి."

"బోణీ అయిపోయిందండి, పదకొండొందలే. మీరొస్తారని పొద్దున్నే ఛార్జింగు పెట్టి ఉంచాను."

సాయంత్రం పదో చుట్టు. లెన్సు హాయిగా సాగింది. అమ్మ ఒక చేత్తో తొక్కుతూ, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. పొద్దున్న మొదటి చుట్టులోనే ఫోటో పడి ఉంటే బిగుసుకుపోయిన మొహం వచ్చేది.

ఫోటో చూసిన పిన్ని వెంటనే ఫోన్ చేసింది. "అక్క తల ఎవరి ఒంటికి అతికించావురా?" ఇంకోసారి ఫోటో చూసుకుని, "సరే, ఏ రంగు కావాలో అడుగు," అంది.

చీర అమ్మది. నా లెక్క ఇది: గడియారం సెల్లులు తొంభై, ఛార్జింగువి పదకొండొందలు, రెండుసార్లు వెళ్లిరావడానికి పెట్రోలు నూట ఇరవై. శనివారమే ఆయన మాట విని ఉంటే పదకొండొందల అరవైతో పోయేది. ముప్పై రూపాయల తెలివికి నూట యాభై అదనం. మొత్తం పదమూడు వందల పది.