రిజిస్టరు నిండా తలనొప్పులే

ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో నేను ఓపీ చిట్టీలు, రిజిస్టరు రాసేవాణ్ని. ప్రతి గురువారం పట్నం నుంచి మానసిక వైద్యుడు వచ్చేవారు. ఆయన కోసం వచ్చినవాళ్లు కిటికీలోకి వంగి, "అన్నా, జర తలనొప్పని రాయవా" అని గుసగుసలాడేవారు. వెనక వరుసలో తమ ఊరివాళ్లుంటారు, తెలిస్తే పిల్లల సంబంధాలు చెడతాయని భయం. నేను జాలిపడి అలాగే రాసేవాణ్ని. ఏదో పుణ్యం మూటగట్టుకుంటున్నానని లోలోపల మురిసిపోయేవాణ్ని కూడా.

మా అక్కకీ తలనొప్పే రాశాను. ఎవరో తిడుతున్నారని చెవులు మూసుకుని మూడేళ్లు గది దాటని మనిషి, ఆ డాక్టరు మందులతోనే మళ్లీ నలుగురిలోకి వచ్చింది. అంతకుముందు పట్నం తీసుకెళ్దామని బస్సెక్కిస్తే, జనాన్ని చూసి వణికిపోయి దారి మధ్యలో తుర్కయాంజాల్‌లోనే దిగిపోయింది.

ఆ గురువారాలు తాత్కాలికమే. డాక్టరుకూ మందులకూ నిధులు మంజూరు చేయాలని మా దవాఖాన నుంచి జిల్లాకు, అక్కడి నుంచి సచివాలయానికి ఫైలు కదిలింది. కొన్నాళ్లకు కొర్రీతో తిరిగొచ్చింది. రిజిస్టరు ప్రకారం మీ దగ్గర మానసిక రోగులే లేరు, మరి నిధులెందుకని. వచ్చే మూడు నెలల రిజిస్టరులో అలాంటి రోగులను చూపిస్తే సరి, లేదంటే గురువారాలు బంద్.

ఇదంతా నా చేతిరాత చేసిన నిర్వాకం. ఆ వారం అసలు సంగతి రాస్తానంటే, చాలామంది చిట్టీ వద్దని వెళ్లిపోయారు. సిగ్గుతో ఇంటికెళ్లి అక్కతో చెప్పాను.

మరుసటి గురువారం వరుసలో ముందు ఆమే నిలబడింది.

"ఏం రాయాలక్కా?"

"ఉన్నదే రాయ్‌రా. నాది మనసు రోగం. మందులు ఏసుకుంటున్న, మంచిగున్న." అందరికీ వినబడేలా అంది. "గిది బందయితే నేను మల్ల గా గదిలనే పడుంట."

మహేశ్వరం నుంచి భర్తను తీసుకొచ్చిన ఒకామె ముందుకొచ్చి, "మా ఆయనది గూడ గట్లనే రాయన్నా" అంది. ఆ తర్వాత ఇంకొకరు. అందరూ కాదు, కొందరు తలనొప్పి దగ్గరే ఆగిపోయారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు.

మూడు నెలలకు రిజిస్టరు మళ్లీ పైకి వెళ్లింది, మంజూరైంది. సంతకం పెట్టిన అధికారి ఎవరో నాకు తెలియదు, ఆయన చల్లగా ఉండాలి. ఆ కాగితం జిరాక్స్ తీసి ఇంటికి పట్టుకెళ్లాను. అక్క కళ్లజోడు పెట్టుకుని వేలితో వరుసవరుసా వెతికింది.

"దీంట్ల నా పేరేదిరా?"

"మంజూరు కాగితంల పేర్లు రాయరక్కా."

"రాస్తె మంచిగుండు," అంది అక్క.