తువ్వాలు లాగితే వణికిన కాలు

ఆ ఉదయం చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, అరికాలికి తువ్వాలు వేసి లాగుతున్నాను. ఉన్నట్టుండి కుడి తొడ గడగడా వణికింది. తువ్వాలు వదిలేస్తే ఆగింది. మళ్లీ లాగితే మళ్లీ మొదలు. తువ్వాలు చుట్టి పక్కన పడేశాను.

నేను బిలాస్‌పూర్‌లో గూడ్స్ బండి లోకో పైలట్‌ని. గంటల తరబడి సీట్లో కూర్చుని కూర్చుని తొడ వెనక నొప్పి పట్టుకుంది. రైల్వే ఆసుపత్రిలో "హ్యామ్‌స్ట్రింగ్స్ టైట్ అయ్యాయి" అని చెప్పి ఈ స్ట్రెచింగ్ నేర్పారు.

నొప్పికి నేను భయపడలేదు. వణుకుకే భయపడ్డాను. మా నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు, మాతోనే ఉంటారు. ఆయనకి పార్కిన్సన్స్. ఒళ్లో ఊరికే పెట్టుకున్న చెయ్యి కూడా ఆడుతూనే ఉంటుంది. అదే నాకూ వచ్చిందనుకున్నాను. వస్తే ఏదో ఆఫీసులో కూర్చోబెడతారు, ఇంజిన్ మాత్రం ఎక్కనివ్వరు. నాకేమో ఇంజిన్ అంటే ప్రాణం.

మా డ్రైవర్లకి ఒక అలవాటుంది. మెడికల్‌కి వెళ్తే డాక్టరు అడిగినదానికే జవాబు, అడగనిది నోరు జారకూడదు. కొత్తగా చేరినవాళ్లకి ముందు ఈ పాఠమే చెబుతాం. నేనూ అదే పాటించి, ఎవరికీ చెప్పకుండా స్ట్రెచింగ్ మానేశాను. చెయ్యకపోతే వణకదు కదా! డ్యూటీలో సిగ్నల్ కనిపించగానే చెయ్యెత్తి చూపిస్తూ "గ్రీన్" అని పైకి అనడం మా పద్ధతి. సిగ్నల్ చూశాక నా కళ్లు ఆ చేతి మీదికే పోయేవి. అది నిలకడగానే ఉండేది, అయినా నమ్మకం కుదిరేది కాదు.

మానేసిన ఫలితం తొందరగానే తెలిసింది. నొప్పి మోకాలి కింది దాకా దిగింది. ఒకరోజు బిల్హా స్టేషన్‌లో ఇంజిన్ దిగలేకపోతే అసిస్టెంట్ పట్టుకుని దింపాడు.

కుంటుకుంటూ ఇంటికొస్తే మా ఆవిడ నిలదీసింది. "ఏటయింది? ఎక్సర్‌సైజు ఎందుకు మానీసారు?"

చెప్పక తప్పలేదు.

"అచ్ఛా! అందుకేనా మొహం వేలాడేసుకుని తిరుగుతున్నారు? దాసీస్తే రోగం పారిపోతాదేటి?" అని ఆసుపత్రికి లాక్కెళ్లింది. నేను నోరు తెరిచేలోగా డాక్టరమ్మకి తనే అంతా చెప్పేసింది.

డాక్టరమ్మ నా చేతులు చాపించింది, నడిపించింది, చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోమంది. థైరాయిడ్, పొటాషియం, బి12 టెస్టులు రాసింది. అన్నీ నార్మల్.

"ఇది పార్కిన్సన్స్ కాదు," అంది హిందీలో. "మీ నాన్నగారి చెయ్యి రెస్ట్‌లో వణుకుతుంది. మీ కాలు రెస్ట్‌లో బాగానే ఉంది, లాగినప్పుడే వణుకుతోంది. బిగుసుకున్న కండని ఊపిరి బిగబట్టి మరీ లాగుతున్నారు. అది సాగనని ఎదురు తిరుగుతుంది. అలిసిపోయిన ఫైబర్స్ కొన్ని వదులుతాయి, కొన్ని పట్టుకుంటాయి. ఆ షేకింగే ఇది. లోడ్ ఉన్న బండిని ఒక్కసారిగా లాగుతారా మీరు?"

"లాగను మేడమ్, వ్యాగన్ల మధ్య కప్లింగ్ తెగిపోతుంది."

"మరి కాలిని ఎందుకు లాగుతున్నారు?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇప్పుడు నొప్పి పోయింది. ఇంజిన్ హాయిగా ఎక్కుతున్నాను, దిగుతున్నాను. తువ్వాలు మెల్లగా, ఊపిరి వదులుతూ లాగుతాను. నాలాంటివాళ్లకి చెప్పేది ఇదే. సాగదీసేటప్పుడు వణికితే లాగుడు తగ్గించండి. ఊరికే కూర్చున్నా వణుకుతుంటే మాత్రం, డాక్టరు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి.

రోజూ ఉదయం నాన్న కుర్చీలో, నేను చాప మీద, ఎవరి ఎక్సర్‌సైజు వాళ్లం చేస్తాం. మొన్న నా కాలు కాస్త వణకడం చూసి ఆయన నవ్వారు.

"అప్పుడు బాగా భయపడిపోనావేట్రా?"

"మరి భయపడనా నాన్నా!"

ఆయన వంగి నా మోకాలి మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఆడుతూనే ఉంది.

"ఇది నాతోనే పోనీరా. నువ్వు బండి నడుపుకో."