ఒకే లాట్ దీపాలు

నేను కొన్న దీపాల్లో లోపం లేదని ఇప్పటికీ అంటాను. ముగ్గురి దగ్గర ధరలు అడిగాను, పక్కపక్కన పెట్టి పోల్చాను, తక్కువ చెప్పినవాడి దగ్గర కొన్నాను. నేను పనిచేసేది ఒక మంత్రిత్వ శాఖ కొనుగోళ్ళ సెక్షన్‌లో. కుర్చీల దగ్గర నుంచి ఫినాయిల్ దాకా ప్రభుత్వం ఏది కొన్నా ఇలాగే కొంటుంది. అందుకే మా శనివారం బృందానికి దీపాలు కావలసి వచ్చినప్పుడు, "నువ్వే చూడమ్మా, ఇది నీ శాఖే గదా" అన్నారు డాక్టరమ్మ. అడిగిన ఆవిడది తప్పు కాదు, కొన్న నాదీ కాదు. అయినా జనవరి వచ్చి సాయంత్రాలు పొగమంచు పట్టిందంటే నా అరచేతులు చల్లబడిపోతాయి.

డాక్టరమ్మ ఢిల్లీ పక్కన ఘాజియాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే పై అంతస్తులో ఉంటారు. గుంటూరు మనిషి, సర్కారు ఆసుపత్రిలో చేసి రిటైరయ్యారు. మా ఫ్లాట్లకు కొంత దూరంలో, హిండన్ నది కట్ట దిగువన, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్ళ బస్తీ ఒకటుంది. శనివారం సాయంత్రాలు ఆవిడ అక్కడ పిల్లల్నీ గర్భిణుల్నీ చూసేవారు. మందులివ్వడానికి, పిల్లల్ని తూచడానికి, రాలేనివాళ్ళను పిలుచుకు రావడానికి మేమొక పదిమందిమి వెంట వెళ్ళేవాళ్ళం. మా అమ్మాయి కూడా వచ్చేది. అప్పుడు తను కాలేజీలో రెండో ఏడు.

బస్తీకి కరెంటు లేదు. ఒకప్పుడు స్తంభం నుంచి లాక్కున్న దొంగ తీగలుండేవి, వాటిని కోసేశారు. కోయడానికి వచ్చినవాళ్ళు ఫోన్లు ఎత్తి గుడిసెల ఫోటోలు కూడా తీసుకుపోయారు. కొన్నాళ్ళకు ఆ ఫోటోల్లో ఉన్న గుడిసెల్లో సగం లేవు. అప్పటినుంచి అక్కడ ఎవరి చేతిలో ఫోన్ కనిపించినా తలుపులు మూసుకునేవి, పిల్లలు మాయమయ్యేవారు. అందుకని ఫోన్లన్నీ కట్ట మీద ఆపిన వ్యాన్‌లోనే వదిలి దిగాలని డాక్టరమ్మ నియమం పెట్టారు. టార్చి కోసమన్నా ఒప్పుకునేవారు కాదు.

బస్తీ వెనక మురుగునీళ్ళ నాలా ఉంది. అవతలి ఒడ్డున మరికొన్ని గుడిసెలు. అటు వెళ్ళడానికి రెండు పాత పలకలు కలిపి మేకులు కొట్టిన చెక్క ఒక్కటే దారి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. కింద నీళ్ళు నల్లగా, పారుతున్నాయో నిలిచాయో తెలియకుండా ఉండేవి. ఒకసారి అందులో గేదె పడిందని ఒకామె చెప్పింది. "ఫిర్ దిఖీ హీ నహీఁ, దీదీ" అంది. అంత గేదె మళ్ళీ కనిపించనే లేదట. ఆ మాట నాకు అక్కర్లేనంత బాగా గుర్తుండిపోయింది.

దీపాలు ఎంచడం ఏముంది అనేవాళ్ళు ఎప్పుడూ ఎంచి ఉండరు. కొవ్వొత్తులు వద్దు, అన్నీ ప్లాస్టిక్ పట్టాలు కప్పిన గుడిసెలు. తలకు కట్టుకునే లైటు తీసుకుందామంది మా అమ్మాయి. చేతులు ఖాళీగా ఉంటాయని తన వాదం. ఎక్కడిదో ఒకటి తెచ్చి తలకు కట్టుకుని నా వైపు తిరిగింది. కళ్ళలో సూది గుచ్చినట్టయింది తప్ప నా కూతురి మొహం నాకు కనపడలేదు. తీగలు కోసినవాళ్ళూ తలకు అలాంటివే కట్టుకొచ్చారని బస్తీలో విన్నాం. అది వద్దనుకున్నాం. పసుపు వెలుగువి చవగ్గా ఉన్నాయంటే డాక్టరమ్మ కస్సుమన్నారు.

"పసుపు లైటులో పచ్చకామెర్లు ఎట్టా కనపడతయ్? పిల్లాడి కన్ను పచ్చగా ఉందో లైటే పచ్చగా ఉందో నేనేం చెప్పను? తెల్లది తే."

ఆఫీసు అలవాటు కొద్దీ అవసరాల్ని రెండు రకాలుగా విడదీశాను. కొన్ని తప్పనిసరి, కొన్ని ఉంటే మంచిది. తెల్ల వెలుగు తప్పనిసరి. చేతికో గోడకో తగిలించుకునే కొక్కెం, కింద పడినా పగలని ఒళ్ళు, మా పని అయ్యేదాకా వెలగడం, ఇవన్నీ తప్పనిసరి. ఛార్జింగ్ అయిపోతుంటే హెచ్చరించే చిన్న ఎర్ర చుక్క మాత్రం ఉంటే మంచిది అనే వైపు వేశాను. చుక్క ఉన్నదాని ఖరీదు బాగా ఎక్కువ, మాది చందాల డబ్బు. ఇప్పుడు అడిగినా ఆ నిబంధనల్లో నేను చేసింది సరే అంటాను. నిబంధనలు నాలా ఒడ్డున కూర్చుని రాసినవి కావు, అంతే.

పాత ఢిల్లీ లైట్ల బజారులో ఒక ఇరుకు కొట్టువాడు షట్టరు సగం దించి చీకటి చేసి, అరచేతిలో పట్టే ఒక దీపం వెలిగించాడు. కొట్టంతా తెల్లబడింది.

"ఏక్ హీ లాట్ కా మాల్ హై, మేడమ్. సబ్ ఏక్ జైసా జలేగా."

అన్నీ ఒకే లాట్‌వి, ఒకే విడతలో తయారైనవి, అన్నీ ఒకేలా వెలుగుతాయి. మా సెక్షన్‌లో ఇంతకన్నా తియ్యటి మాట లేదు. ఒకదానికీ ఒకదానికీ తేడా ఉంటే ఆడిట్‌వాళ్ళు ప్రాణం తోడేస్తారు. అక్కడికక్కడే ఖాయం చేశాను.

ఇంటికి తెచ్చి ఒకదాన్ని వెలిగించి బాత్‌రూమ్‌లో పెట్టి తలుపేశాను. "దీనికి కూడా ప్రొబేషన్ పెట్టావా?" అని మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గొణిగాడు. పడుకోబోయే ముందు చూస్తే వెలుగు మొదట ఎంత ఉందో అంతే ఉంది, రవ్వంత తగ్గలేదు. మా చిన్నప్పటి టార్చిలైటు అలా కాదు. బ్యాటరీలు అయిపోతుంటే పచ్చబడేది, తర్వాత ఎర్రబడేది, ముక్కుతూ మూలుగుతూ ఎలాగో మనల్ని ఇల్లు చేర్చేది. దాంతో పోల్చుకుని ఇదెంత గట్టిదో అని మురిసిపోయాను. కీడెంచి మేలెంచమన్నారు. నేను మేలొక్కటే ఎంచాను.

మా అమ్మాయి దీపాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. నేను తెలుగులో అడిగితే తను హిందీలో జవాబివ్వడం మా ఇంట్లో మామూలే.

"ఇస్‌మే ఇండికేటర్ నహీఁ హై, మమ్మీ. ఖతమ్ హోనే వాలా హై, పతా కైసే చలేగా?"

"అయిపోయేలోపల మనం ఇంటికొచ్చేస్తాం కదే. ఎలా తెలుస్తుందంటావేంటి?"

"అచ్ఛా," అంది. నమ్మనప్పుడు అనే అచ్ఛా అది.

ఆ తర్వాత పద్ధతంతా నాదే. అన్ని దీపాల్నీ మా హాల్లో ఒకే బోర్డుకు పెట్టి ఒకేసారి ఛార్జ్ చేసేదాన్ని. వ్యాన్ దిగగానే అందరూ వెలిగించాలి, ఎక్కాక అందరూ ఆపాలి. ఎవరిది ఎక్కువ వాడాం, ఎవరిది తక్కువ అనే పేచీ ఉండకూడదు. చలి ముదిరేదాకా అంతా సాఫీగా జరిగింది. నన్ను అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఆ శనివారం బస్తీలో ఇంటికో జ్వరం అని కబురొచ్చింది. డాక్టరమ్మ మమ్మల్ని మధ్యాహ్నమే బయల్దేరదీశారు. పొగమంచు కట్ట మీదికి ఎక్కి కూర్చుంది. వ్యాన్ దిగేసరికే ఎదుటి మనిషి కనపడటం లేదు, ఎప్పటిలాగే దీపాలన్నీ వెలిగించాం. ఎప్పుడూ మా వెంట పరిగెత్తే పిల్లలు ఆ రోజు రాలేదు. ఏ గుడిసె ముందు నిలబడినా లోపల దగ్గే. చూసినకొద్దీ ఇంకొకరు వస్తున్నారు, మేం ఎప్పుడూ వెళ్ళిపోయే వేళ దాటిపోయింది. నాకెందుకో మొదటినుంచీ మనసు కీడు శంకిస్తూనే ఉంది. జ్వరాల గురించి అనుకున్నాను.

నాలా అవతల ఒక చంటివాడి ఒళ్ళు కాలిపోతోందని, వాళ్ళమ్మ ఇంకో జబ్బు పిల్లను వదిలి రాలేకపోతోందని ఎవరో చెప్పారు. మా అమ్మాయి దీపం చేతికి తగిలించుకుంది. "మైఁ లే ఆతీ హూఁ," నేను తీసుకొస్తానంటూ బయటికి నడిచింది. నేను సిరప్ కొలిచి పోస్తూ తలెత్తి చూశాను. తెల్లటి వెలుగు కాస్త దూరం కనిపించి మంచులో కలిసిపోయింది.

కాసేపటికి మందుల పెట్టె దగ్గర కూర్చున్నావిడ దీపం ఆరిపోయింది. మసకబారలేదు, మిణకలేదు. మూతేసినట్టు పోయింది. "చలికి దానికీ జ్వరమొచ్చింది," అని ఎవరో అంటే నవ్వుకున్నాం. ఆ నవ్వు పూర్తి కాకముందే తూకం దగ్గరిది పోయింది. డాక్టరమ్మ తల మీద వేలాడుతున్నది కూడా పోయింది. ఎవరూ నవ్వలేదు.

నా చేతిలో సిరప్ మూత అలాగే ఉంది. ఏక్ జైసా, అన్నాడు కొట్టువాడు. ఒకే లాట్, ఒకే బోర్డు, ఒకేసారి వెలిగించడం. ఇవి ఒకదాని తర్వాత ఒకటి పాడవడం కాదు, అన్నీ కలిసి అయిపోతున్నాయి. మా అమ్మాయి చేతిలోదీ వీటి తోబుట్టువే.

మూత పడేసి పరిగెత్తాను. నా దీపం ఇంకా వెలుగుతోంది, అది ఎంతసేపో నాకు తెలియదు. "ఆగు! ఎక్కడున్నావో అక్కడే ఆగు!" అని అరుస్తూ గుడిసెల సందు దాటేసరికి ఎదురుగా మంచులో తెల్లటి మరక లాంటి వెలుగు కనిపించింది, మెల్లగా నా వైపే వస్తోంది. అమ్మయ్య అనుకున్నాను. ఆ క్షణంలోనే అది లేదు. నేను ఇంకో నాలుగడుగులు వేశానో లేదో నాదీ పోయింది.

అంతటి చీకటి నేను ఎరగను. నీళ్ళ చప్పుడు కూడా లేదు, కంపు ఒక్కటే ఉంది.

"మమ్మీ, మత్ ఆనా!"

రావద్దంటోంది. అప్పుడు తెలిసింది నేను ముందుకేసిన కాలు నాలా అంచున తడి నేల మీద, కిందికి వాలి ఉందని. వెనక్కి తీసుకున్నాను.

"చెక్క మీద ఉన్నావా? అక్కడే కూర్చోవే. పొయ్యిలోంచి కొరివి తెస్తారు."

"నహీఁ బైఠ్ సక్తీ. బచ్చా అకడ్ రహా హై."

కూర్చోలేనంటోంది, చేతిలో బిడ్డ బిగుసుకుపోతున్నాడు. ఫిట్స్. డాక్టరమ్మ ఉన్నది ఈ ఒడ్డున. వెనక ఎవరో కొరివి కోసం పరిగెత్తారు గాని, జ్వరాల ఇళ్ళలో ఆ పూట ఎవరు పొయ్యి వెలిగించారు గనక?

"బోల్‌తీ రహో, మమ్మీ. ఆవాజ్ సే ఆ జాఊఁగీ."

మాట్లాడుతూ ఉండు, నీ గొంతు పట్టుకుని వచ్చేస్తానంటోంది. "రా తల్లీ" అని ఒక్కసారి అనగలిగాను, అంతే. దేవుడి పేరు కూడా గుర్తుకు రాలేదు. ఆ గేదె ఒక్కటే గుర్తుకొస్తోంది.

చీకట్లోంచి మళ్ళీ గొంతు వినిపించింది.

"అమ్మా, తిట్టు."

తిట్టాను. "నీకు బుద్ధుందా? ఆ జారుడు బూట్లు వద్దంటే విన్నావా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా నీకు చెప్పడం! తడి తువ్వాలు మంచం మీద పడేస్తావు, గీజరు ఆపవు, పెసరట్టు వేస్తే మూతి ముడుస్తావు, ఆ దిక్కుమాలిన నూడిల్స్ అయితే గిన్నె నాకుతావు. స్వెట్టర్ వేసుకోమంటే ఫ్యాషన్ పోతుందంటావు. చలికి ముక్కు కారుతూ నా కొంగు కావాలి. నీలాంటిదాన్ని కన్నందుకు నన్ననాలి..." చెక్క కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే ఆ చప్పుడూ ఆగిపోతోంది. అందుకని ఊపిరి తీసుకోవడం మానేశాను. పదో తరగతి లెక్కల మార్కులు తవ్వాను, విరగ్గొట్టిన పింగాణీ జాడీ తవ్వాను, ఎప్పుడో క్షమించేసినవన్నీ తవ్వి పోశాను. వాళ్ళ నాన్ననీ కలిపి తిట్టాను. కన్నీళ్ళు కారిపోతున్నాయి, గొంతు మాత్రం తగ్గించలేదు.

నిప్పులాంటి చిన్న ఒళ్ళు ఒకటి నా చేతుల్లోకి వచ్చి పడింది. అంత జ్వరానికి భయపడాలి, నేను ఆ వేడికి సంతోషించాను. వెంటనే ఒక చల్లటి చెయ్యి నా భుజం పట్టుకుంది. డాక్టరమ్మ దగ్గరికి చేరేదాకా తిడుతూనే ఉన్నానట. మా అమ్మాయి తర్వాత చెప్పింది.

డాక్టరమ్మ బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి చేయాల్సింది చేశారు, కట్ట మీదికి మోసుకెళ్ళి వ్యాన్‌లో ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికాడు. ఇప్పుడు పరిగెత్తుతాడు కూడా. చెక్క వైపు పోకుండా వాళ్ళమ్మ వాడి నడుముకు తాడు కట్టి ఇంటి గుంజకు బిగిస్తుంది. అది చూసినప్పుడల్లా ముడి గట్టిగా ఉందో లేదో ఒకసారి లాగి చూసి గాని కదలను.

దీపాలు మార్చాను. ఇప్పుడు మా దగ్గర ఏ రెండూ ఒక రకం కాదు. ఒక్కొక్కటి ఒక్కో కొట్లో కొన్నది, కొన్నింటికి ఎర్ర చుక్క ఉంది. నాలా దాటేవాళ్ళు తప్పనిసరిగా బ్యాటరీలు వేసే పాత రకం టార్చి ఒకటి పట్టుకెళ్ళాలి. దాని వెలుగు చూసి కొత్తగా వచ్చినవాళ్ళు పెదవి విరుస్తారు. గుడ్డికన్నా మెల్ల నయం అంటాను. ఆడిట్‌వాళ్ళు వస్తే రానీ.

మొన్న మా ఫ్లాట్లో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేదాకా కాసేపు అంతా చీకటి. పక్కగదిలోంచి మా అమ్మాయి పిలిచింది.

"అమ్మా, తిట్టు."

నేను నవ్వలేదు. తడి తువ్వాలు దగ్గర మొదలుపెట్టాను. తను వచ్చి నా భుజం పట్టుకునేదాకా ఆపలేదు.