కొండమీద మూడు నిమ్మడిప్పలు

నేను రేపల్లెలో సోషల్ టీచర్‌ని. ఏటా పిల్లల్ని భట్టిప్రోలు బౌద్ధ స్తూపం దగ్గరికి తీసుకెళ్తాను. ఏటా ఎవరో ఒకరు "టీచర్, వీళ్ళ గుళ్ళకి పైకప్పు ఉండేదా?" అని అడుగుతారు. పుస్తకంలో ఉన్నది చెబుతాను గానీ కళ్ళతో చూసింది లేదు. ఈమధ్య ఫోన్లో ఒక ఫోటో వచ్చింది. పల్నాడు వైపు కొండదారిలో, కప్పుతో సహా నిలిచి ఉన్న బుజ్జి బౌద్ధాలయం. ఈ రోజుల్లో ఏ బొమ్మ కెమెరా తీసిందో, ఏది కంప్యూటర్ గీసిందో ఎవరు చెప్పగలరు? వెళ్ళి చూస్తే గానీ నమ్మకూడదనుకున్నాను.

రెండో శనివారం ఉదయం అయిదున్నరకి రేపల్లెలో బస్సెక్కి, తెనాలి మీదుగా ఏడున్నరకి గుంటూరు చేరాను. బాపట్ల నుంచి మా వదిన వచ్చి కలిసింది. ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే టికెట్‌కి డబ్బుల్లేవు. ఊరికే ఇచ్చేదంటే నాకు భయం కాబట్టి ఆ జీరో టికెట్‌ని రెండుసార్లు చదివాను. ఇడ్లీ తిని సత్తెనపల్లి బస్సు పట్టుకున్నాం. అక్కడినుంచి కొండకింది ఊరికి పద్నాలుగు కిలోమీటర్లు, రానూపోనూ ఆటో నాలుగు వందలు. ఎందుకైనా మంచిదని ఆటో నంబరు ఫోటో తీసి మావారికి పంపించాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "సరిగ్గా వచ్చిందా అమ్మా? కావాలంటే ఇంకోటి తీసుకోండి, నేనూ నవ్వుతాను" అన్నాడు. వదిన దారి పొడుగునా నవ్వింది.

తొమ్మిదిన్నరకి నడక మొదలుపెట్టాం. నలభై నిమిషాల కాలిబాట, సగం దాకా తుప్పలు, ఆ పైన బండరాళ్ళు. గుడి నిజంగానే ఉంది. మా స్టాఫ్ రూమంత ఉంటుంది. వెనకవైపు ఏనుగు వీపులా గుండ్రంగా కట్టారు. లోపల నడుమెత్తు రాతి స్తూపం, పైన చెక్కుచెదరని కప్పు. ఆ కప్పు కింద నిలబడితే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పిల్లలకి చెబుదామని బట్టలు కుట్టే టేపుతో గోడ కొలవడం మొదలుపెట్టాను.

అప్పుడొచ్చాడు వాచ్‌మన్ కోటయ్య. అరవై దాటిన మనిషి. "ఏ ఊరమ్మా? ఆ టేపేంటి? ఎంతసేపుంటారు?" అని ఒకటే ప్రశ్నలు. మేం ఎటు నడిస్తే అటు నడుస్తున్నాడు. చాయ్ డబ్బులకి కాబోలనుకుని ఇరవై ఇవ్వబోయాను. వద్దన్నాడు. డబ్బు వద్దన్న మనిషిని నేను అసలు నమ్మను. గుడి పక్కన బండమీద కూర్చుని, నిమ్మచెక్కల్ని ఉప్పూకారంలో అద్ది కీరా ముక్కలకి రాసుకుని తింటుంటే మళ్ళీ మావైపే వస్తూ కనిపించాడు. "లే వదినా, ఈయన వాలకం బాగాలేదు" అని సంచి సర్దేసి దిగడం మొదలుపెట్టాం.

వంద అడుగులు దిగామో లేదో పైనుంచి కేకలు. మేకలు తోలుకొచ్చిన ఇద్దరు మనుషులు కోటయ్యని నిలదీస్తున్నారు. "మళ్ళీ పూజ చేశారయ్యా. నిమ్మకాయలు కోసి కుంకం పూసి పెట్టారు. పోయిన నెల నిధి కోసం గొయ్యి తవ్వారు, ఇప్పుడిది. ఇంకోసారి జరిగితే నిన్ను తీసేస్తామని పురావస్తు ఆఫీసువాళ్ళు అన్నారా లేదా? ఈ ఫోటో ఇప్పుడే ఆఫీసుకి పంపిస్తున్నా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వదిన సంచి తడుముకుంది. ఆ హడావుడిలో మూడు నిమ్మడిప్పలు బండమీదే వదిలేశాం. "పద, బస్సు పోతుంది. మనల్నెవరు చూశారు?" అంది వదిన. నిజం చెప్పొద్దూ, నాకూ దిగిపోవాలనే అనిపించింది. కానీ నా అనుమానానికి ఆయన ఉద్యోగం పోవడం ఏం న్యాయం? సిగ్గేసి వెనక్కి ఎక్కాను.

"అవి మావి నాయనా. కీరాలోకి తెచ్చుకున్నాం. మేం చర్చికెళ్ళేవాళ్ళం, ఈ పూజలు మాకు తెలీవు" అన్నాను.

"చర్చికెళ్ళేవాళ్ళు తవ్వరని ఎక్కడుందండి? ఆ టేపు దేనికి?" అన్నాడు ఫోనున్నతను.

అతని స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. చెప్పి లాభం లేదని ఒక డిప్ప తీసి, చీమల్ని దులిపి, వాళ్ళ ముందే చీకేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను ఇంకో డిప్పని వేలితో రాసి నాలుక్కి తగిలించుకుని చూశాడు. "కుంకం కాదు, కారమే" అని, పంపకుండానే ఫోన్లోంచి ఆ ఫోటో తీసేశాడు.

కోటయ్య దణ్ణాలేవీ పెట్టలేదు. కొండ దిగేదాకా మా వెనకే వచ్చాడు. వదిన ఉండబట్టలేక, "మా ఆడపడుచు నెట్‌లో రాస్తుందండి, మీ గురించి మంచిగా రాస్తుంది" అంది. ఆయన ఆగిపోయాడు. "నా గురించి రాసినా రాయకపోయినా పర్లేదు తల్లీ, కొండ పేరు మాత్రం రాయొద్దు. పేరు చూసి పదిమంది గుడికొస్తే ఒకడు తవ్వడానికొస్తాడు. వాడి మొహమ్మీద రాసుండదు కదా. అందుకే అందరి వెనకా తిరుగుతుంటా."

సాయంత్రం ఆరున్నరకి రేపల్లెలో దిగేదాకా ఆ మాటే ఆలోచిస్తూ వచ్చాను. నేను అందర్నీ అనుమానించేది నా సంచి కోసం, నా నాలుగు వందల కోసం. ఆయనది అలా కాదు. ఆ గుడి నిలవాలి, ఆయన కూడు నిలవాలి. ఇలాంటి చోట్లకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: తిన్నవాటి తొక్కా డిప్పా మీ సంచిలోనే వేసుకుని దిగండి. ఇంత చెప్పి కొండ పేరు చెప్పలేదేమని కోప్పడకండి. మీరు మంచివాళ్ళే అయ్యుంటారు. కానీ ఇది చదివే పదిమందిలో ఆ ఒక్కడు ఎవరో నాకేం తెలుసు?