ఎప్పటి లెక్కనే

మా వైపు 'లెక్క' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి గణితం. రెండవది 'వలె' అని. కాజీపేటలో మా అమ్మ నడిపే టిఫిన్ బండి దగ్గర ఎవరైనా "ఎప్పటి లెక్కనే" అంటే, రోజూ పెట్టేదే ఇవాళా పెట్టమని.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఇప్పుడు చేస్తున్న పరిశోధన మొదటి అర్థానికి చెందినది. మనిషి అలవాటైనదాన్ని ఎంతవరకు పట్టుకుని ఉంటాడు, కొత్తదాని వైపు ఎప్పుడు వెళతాడు అన్నదాన్ని గణిత నమూనాగా కట్టడం. ఈ సంగతి వివరించినప్పుడు అమ్మ పిండి కలుపుతూ నవ్వింది.

"గింత సదువు సదివి, మంది ఏం తింటరో లెక్కలేస్తానవా బిడ్డా?"

రోడ్డుకు అవతల కొత్త టిఫిన్ సెంటర్ తెరిచేదాకా అది మా ఇంట్లో వేళాకోళంగానే ఉండేది. పాత గిరాకీలు ఒక్కొక్కరే అటు వెళ్లి చూశారు. "కొత్తొక వింత" అని అమ్మ కొట్టిపారేసింది. సామెతలో రెండో సగం మాత్రం పలకలేదు.

రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దాయన కూడా రావడం మానేశాక ఆమె మాటలు తగ్గాయి. నేను బడికి వెళ్లే రోజుల నుంచీ ఆయన మా బండి దగ్గరే తినేవాడు. అమ్మను 'చెల్లె' అనేవాడు. ఆయన కోసం ఆమె రెండు వడలను ముందుగానే సాంబారులో నానబెట్టి, చిన్న గిన్నెలో మూతపెట్టి ఉంచేది. ఆయన రాకపోయినా ఆ గిన్నె పెట్టడం మానలేదు. బండి సర్దేవేళ ఆ వడలు మేమే తినేవాళ్లం.

ఒక ఉదయం అడిగింది. "నీ లెక్కలల్ల జర చూసి చెప్పు బిడ్డా. నా చెయ్యి మారిందా?"

వంట చేసి బతికే మనిషికి ఇంతకంటే పెద్ద భయం ఉండదు. కొత్తదాన్ని చూడబోయినవారిలో చాలామంది తిరిగి వస్తారని, వారు వెళ్లినంత మాత్రాన రుచి తగ్గినట్టు కాదని శ్రద్ధగా చెప్పాను.

"మరి అన్న ఎప్పుడొస్తడు?"

నమూనా పదిమంది తీరును చెప్పగలదు గాని ఫలానా మనిషి గురించి చెప్పలేదన్నాను.

"అట్లనా. అయితే గీ ఉల్లిగడ్డలన్న కొయ్యి."

కొన్నాళ్లకు ఆయన వచ్చాడు. బండికి కొంచెం ఎడంగా, రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏందన్నా, తొవ్వ మర్చిపోయినవనుకున్న."

"ఆడ దోశె మంచిగున్నది చెల్లె. అబద్ధమెందుకు?"

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "మరి ఇటెందుకొచ్చినవ్?"

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆడ రోజుకొక కొత్త మనిషి ఏం కావాలె అని అడుగుతడు. పొద్దుగాల పొద్దుగాల అందరి ముంగట నాకు నోట్లె పండ్లు లేవయ్యా, వడ నానబెట్టియ్యి అని చెప్పుకోవాలె. నీకైతే ఎరుకే గదా."

"అంటే నా చెయ్యి మారలే?"

"నీ చెయ్యికేమైంది? బంగారమసోంటి చెయ్యి. ఎప్పటి లెక్కనే పెట్టు."

అమ్మ గిన్నె మూత తీసింది. మెత్తగా నానిన వడలను చూసి ఆయన బండికి దగ్గరగా జరిగాడు. తిన్నాక చేయి కడుక్కుంటూ అన్నాడు, "ఐతారం మాత్రం అటు పోత చెల్లె. ఆ దోశె మెత్తగుంటది. ఏమనుకోకు."

"పోయిరా. ఎట్ల చేస్తాండ్రో సూశొచ్చి చెప్పు, నేను సుత నేర్చుకుంట."

నా నమూనాలో రుచికి విలువ ఉంది, దూరానికి ఉంది, నిరీక్షణకు ఉంది. అడగకుండానే ఒకరికి మన సంగతి తెలిసి ఉండడానికి నేను ఏ విలువా ఇవ్వలేదు. దానిని ఎలా చేర్చాలో ఇంకా ఆలోచిస్తున్నాను.

ఆ ఆదివారం బండి మీద చిన్న గిన్నె కనిపించక, మరిచిపోయావా అని అమ్మను అడిగాను.

"ఇయ్యాల అన్నకు దోశె దినం," అంది, ఏ ఫికరూ లేకుండా పిండి కలుపుతూ.