ముందు గోడ

సలీమాది ఘంటసాల. ఆసిఫ్‌ను చేసుకుని బందరు వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఆమెకు దక్కింది వంటింటి పక్కనున్న ఇరుకు గది. ఇల్లు మామగారు కట్టించింది. పిల్లర్లు లేవు. లావుపాటి ఇటుక గోడలు, వాటి మీద శ్లాబు. ముందు గదీ నడి గదీ బావగారు పీర్ సాహెబ్, తోడికోడలు షబీనాలవి. ఆసిఫ్ గిలకలదిండిలో ఐసు ఫ్యాక్టరీ బండి నడిపేవాడు. సలీమా ఆ ఇరుకు గదిలోనే మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. మిషను తొక్కితే మంచం అదిరేది, మంచం మీది పిల్ల లేచి ఏడ్చేది.

మేడ వేసుకుందామని పట్టుబట్టింది ఆమే. మామగారు బతికుండగానే ఒప్పించింది. కొడుకులిద్దరూ ఒకే గుమ్మంలో ఉంటారన్న సంతోషంతో ఆయన దగ్గరుండి పైన రెండు గదులు వేయించాడు. ఏ ఇంజనీరునూ అడగలేదు. మేస్త్రీ పునాది పక్కన గునపంతో నాలుగు పోట్లు పొడిచి, "రాయిలా ఉందండీ" అన్నాడు. అంతటితో సరిపోయింది. పైకి మారిన మొదటి రోజు సలీమా కిటికీ దగ్గర మిషను పెట్టుకుని, వీధిలోకి చూస్తూ సాయంత్రం దాకా కుట్టింది. తన పెళ్లి రోజున కూడా అంత సంతోషంగా లేనని షబీనాతో అంది.

షబీనా నవ్వింది. పిల్లల్లేని మనిషి. సలీమా కూతురు రేష్మాకు తల దువ్వడం, అన్నం తినిపించడం ఎక్కువగా ఆమె చేతుల మీదే జరిగేది.

పీర్ సాహెబ్‌కు బజారులో రోల్డుగోల్డు నగల కొట్టు ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వరస మొత్తం పోయింది. కొన్నాళ్లు సంచిలో నగలు వేసుకుని అవనిగడ్డ దాకా ఊళ్లు తిరిగాడు. మోకాళ్లు సహకరించలేదు. ఒకరోజు అన్నం దగ్గర కూర్చుని, "ముందు గోడ తీసేసి షట్టర్ పెట్టేస్తాను. కొట్టు ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. షబీనా ముఖం వెలిగింది. ఇక ఆయన ఎండల్లో తిరగక్కర్లేదు.

సలీమా మాత్రం తలెత్తి పైకప్పు వైపు చూసింది. ఆ గోడ సరిగ్గా ఆమె కిటికీ గోడ కింద ఉంది.

ఆమె దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ అన్నగారు పిచ్చేశ్వరరావు గుడివాడలో ఇంజనీరు. సలీమా బతిమాలితే ఒక ఆదివారం వచ్చాడు. గోడలు తట్టి చూసి, పైకెళ్లి చూసి, కిందకొచ్చి అందరి ముందే చెప్పాడు.

"పిల్లర్ల ఇల్లయితే మధ్యలో ఒక గోడ తీసినా నడుస్తుందండీ. ఇక్కడ శ్లాబునీ పై గదుల్నీ మోస్తున్నది ఈ గోడలే. తీయాలంటే చెరో పక్కా పిల్లరు, వాటికి కొత్త పునాది, పైన బీమ్ కావాలి. అవి గట్టిపడేదాకా బరువంతా ఊతాల మీద ఉండాలి. పైవాళ్లు ఖాళీ చేయాలి. ముందు కింద మట్టి చూడాలి. మన నేల సంగతి తెలిసిందేగా, కాస్త తవ్వితే నీళ్లు."

"కొట్టు తప్పదంటే పక్క సందులో రేకుల షెడ్డు వేసుకోండి. గోడ జోలికి పోవద్దు" అని కూడా అన్నాడు.

ఆయన వెళ్లేదాకా పీర్ సాహెబ్ మర్యాదగానే ఉన్నాడు. వెళ్లాక గొంతు మారింది. "మా నాన్న కట్టిన గోడ గురించి గుడివాడ నుంచి వచ్చి చెప్పాలా? సందులో షెడ్డు వేసుకుంటే ఎవడొస్తాడు కొనడానికి? ఆసిఫ్, కింద నాది. నా గోడ నేను తీసుకుంటున్నాను. పైన నీ గోడ ముట్టుకున్నానా?"

"మీ గోడ మీదే కదా బావగారూ మేముంది" అంది సలీమా.

"నేను ఆసిఫ్‌తో మాట్లాడుతున్నాను."

ఆసిఫ్ తలెత్తలేదు. చిన్నప్పటి నుంచీ తనను ఎత్తుకు పెంచిన అన్న. "భాయ్‌కి తెలీదా" అన్నాడు చివరికి. ఆ మాట ఎవరితో అన్నాడో సలీమాకు అర్థం కాలేదు.

అప్పయ్య మేస్త్రీ వచ్చాడు. పిల్లర్లూ పునాదులూ అక్కర్లేదన్నాడు. గోడ మధ్యలో పగలగొట్టి, మిగిలిన రెండు మొండి గోడల మీద ఇనుప గర్డర్ ఎక్కించాడు. దాని చివరల కింద కొత్త ఇటుకలు పేర్చి సిమెంటు పెట్టాడు. రంజాన్ బేరాలు పోతాయని పీర్ సాహెబ్ తొందరపెట్టాడు. ఆ సిమెంటు పచ్చిగా ఉండగానే మేస్త్రీ ఊతాలు లాగేశాడు. "రైలు పోయినా కదలదు సాహెబ్ గారూ" అన్నాడు.

నిజంగానే ఏమీ కాలేదు. రంజాన్ బేరాలు బాగా జరిగాయి. వీధిలో ఆడవాళ్లు గాజులకనీ గొలుసులకనీ వచ్చి, షబీనాతో కబుర్లాడి వెళ్లేవారు. సలీమా భయం అందరికీ నవ్వులాట అయింది.

వానలు మొదలయ్యాక మేడ మీద తలుపు బిగుసుకుపోసాగింది. చెక్క నానిందేమోనని ఆసిఫ్ అంచు చిత్రిక పట్టాడు. తర్వాత గడియ అందలేదు. గచ్చు కడిగితే ఎప్పుడూ వెనక తూము వైపు పోయే నీళ్లు వీధి వైపు మళ్లాయి. ఆ రోజు సలీమా చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కిటికీ మూల నుంచి గోడలో చీలిక బయల్దేరింది. మొదట వెంట్రుకంత ఉంది. కొన్నాళ్లకు అందులో సూది దిగింది.

పీర్ సాహెబ్ వచ్చి చూశాడు. ఆ చీలిక దగ్గర ఆయన ముఖంలో ఏదో కదిలింది, సలీమా చూసింది. కానీ ఆయన సిమెంటు పూయించి రంగు వేయించాడు. ఆ పూత మళ్లీ చీలింది.

పిచ్చేశ్వరరావుకు ఫోన్ చేస్తే ఒకటే మాట అన్నాడు. "అమ్మా, ముందు బయటికి రండి. మిగతాది తర్వాత చూద్దాం."

ఆమె రెండు వీధుల అవతల అద్దెకు ఒక పోర్షన్ చూసుకుంది. ఆసిఫ్ అరిచాడు, అన్న పరువు తీస్తున్నావన్నాడు. ఆమె మిషను రిక్షాలో వేయించుకుని, పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. గొణుక్కుంటూనే ఆసిఫ్ కూడా వెనక వచ్చాడు. గుడ్డల మూటకని మళ్లీ వచ్చినప్పుడు షబీనా చేయి పట్టుకుంది.

"అక్కా, నువ్వూ రా. ఈ వానలు తగ్గేదాకా. బావగారు కోప్పడితే నామీద పెట్టు."

"నేనొస్తే ఆయన ఒక్కరైపోతారే. అన్నం కూడా పెట్టుకోలేరు" అంది షబీనా. ఆ వెంటనే గొంతు తగ్గించింది. "నువ్వు మాత్రం కూలుతుంది, కూలుతుంది అని ఇంటింటా అనకు. నీ నోరు మంచిది కాదని జనం అనుకుంటున్నారు."

ఇల్లు కూలింది ఒక శుక్రవారం. వాన తెరిపిచ్చింది. అన్నదమ్ములిద్దరూ నమాజుకి వెళ్లారు. కొట్లో షబీనా కూర్చుని ఉంది. ఒక మొండి గోడ కింద నేల కుంగి, గర్డర్ చివర జారింది. మేడ ముందు గది అమాంతం కొట్లోకి దిగింది. సలీమా మిషను మీద ఉండగా ఆ చప్పుడు విన్నది. ఏమిటని ఆమె ఎవరినీ అడగలేదు. చెప్పుల్లేకుండా పరిగెత్తింది.

దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది. మనుషులు చేతులతో ఇటుకలు తీస్తున్నారు. ఇటుకల మధ్య గాజులూ గొలుసులూ మెరుస్తున్నాయి. పీర్ సాహెబ్ టోపీతోనే వచ్చి మోకాళ్ల మీద కూలబడి భార్య పేరు పిలుస్తున్నాడు. ఫైరు వాళ్లు శ్లాబు ముక్క ఎత్తాక ఇక పిలవలేదు.

మేస్త్రీ ఊరు విడిచి పోయాడు. పోలీసులు వచ్చారు, వెళ్లారు. శవాన్ని ఉంచిన బంధువులింట్లో ఆడవాళ్లు సలీమాకు జరిగి చోటివ్వలేదు. "ఆమె నోరే తగిలింది" అని ఒకామె వినపడేలా అంది. పక్కామె కాదనలేదు. రేష్మా పెద్దమ్మ కావాలని ఏడుస్తుంటే ఎవరూ ఆ పిల్లను ఎత్తుకోలేదు. ఇంటికొచ్చాక ఆసిఫ్ గోడ వైపు తిరిగి పడుకుని, "నువ్వు అన్ని సార్లు అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

ఆమెకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండుననిపించింది. మర్నాడు పిచ్చేశ్వరరావు వచ్చి శిథిలాలు చూశాడు. "నేను చెప్పింది నిజమే కదండీ?" అని ఆమె అడిగింది. ఆ ఒక్క మాట ఎవరి నోటైనా వినాలని ఉంది.

"నిజమేనమ్మా" అన్నాడాయన. ఆ పైన ఇష్టం లేకుండానే చెప్పాడు. "కానీ ఈ పునాది ఒక్క అంతస్తుకి వేసింది. పైన గదులు వేసినప్పుడే ఎవరినైనా అడగాల్సింది. అప్పటికే మోయగలిగినంతా మోస్తోంది."

ఆ మాట తర్వాత సలీమా తనవైపు న్యాయం గురించి మళ్లీ ఎవరితోనూ మాట్లాడలేదు.

మిగిలిన భాగం కూడా పడగొట్టించారు. పీర్ సాహెబ్ తమ్ముడింటికి రానన్నాడు. ఆ ఖాళీ స్థలంలోనే వెనకవైపు రేకుల గది వేసుకున్నాడు. సలీమా మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లి, గుమ్మంలో పెట్టి, నిన్నటిది తీసుకుని వచ్చేది. ఆయన ఆమె వైపు చూసేవాడు కాదు. క్యారేజీ మాత్రం ఖాళీగా, కడిగి ఉండేది.

చలికాలంలో ఒకరోజు ఆయన లోపలి నుంచి పిలిచాడు. "సలీమా, నువ్వు వెళ్లేటప్పుడు షబీనాను రమ్మన్నావా?"

ఆమె చేతిలో క్యారేజీ బరువు మార్చుకుంది. ఆయన ముఖం చూసింది. గడ్డం పెరిగి, కళ్లు లోతుకుపోయి ఉన్నాయి. ఆయన ఒక్కరైపోతారన్న షబీనా మాట ఆమెకు గుర్తొచ్చింది.

"లేదండీ" అంది. "నా కంగారులో నేనున్నాను. అడగలేదు."

ఆయన తల ఊపాడు. "అడిగి ఉంటే వచ్చేది" అన్నాడు. "నువ్వంటే దానికి ప్రాణం."

ఆ సాయంత్రానికి ఆ మాట ఆసిఫ్‌కు చేరింది. ఆసిఫ్ నుంచి బంధువులకు చేరింది. తోడికోడలిని చావుకి వదిలేసి పోయిందన్న మాట ఇప్పుడు ఘంటసాలలో ఆమె పుట్టింటి వాళ్లు కూడా అంటారు. సలీమా జాకెట్లు కుడుతూనే ఉంది. బావగారికి క్యారేజీ వెళ్తూనే ఉంది. ఆసిఫ్ అవసరమైనంతే మాట్లాడతాడు. ఎవరైనా పైన ఒక గది వేసుకుంటున్నామని ఆనందంగా చెప్తే ఆమె పిచ్చేశ్వరరావు నంబరు ఇస్తుంది. అంతకు మించి ఒక్క మాట కూడా అనదు.